రైలు కట్టిన ఊళ్లు – 6: జీతం చికాగో నుంచి వచ్చేది

పోయిన వారం మిసిసిపి రాష్ట్రంలోని కొరింత్ దగ్గర ఆగాం. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 మే నెలాఖరున దక్షిణాది సేనాని బోరిగార్డ్ ఆ ఊరిని రాత్రికి రాత్రే ఖాళీ చేశాడు. స్టేషన్‌లోకి రైలు వచ్చినప్పుడల్లా సైనికుల చేత జేజేలు కొట్టించి, కొత్త బలగం దిగుతోందని శత్రువును నమ్మించి జారుకున్నాడు. ఓడిన పక్షపు సేనాని యుద్ధం అయిపోయాక ఏం చేశాడని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఆయన ఒక రైలు కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. న్యూ ఓర్లీన్స్ నుంచి ఉత్తరానికి మిసిసిపి రాష్ట్రం నడిమధ్యగా వెళ్లే ఆ లైనే ఈ వారం కథకు దారి.

న్యూ ఓర్లీన్స్, జాక్సన్ అండ్ గ్రేట్ నార్తర్న్ అన్నది ఆ కంపెనీ పేరు. 1858 నాటికి పట్టాలు మిసిసిపిలోని కాంటన్ దాకా చేరాయి. అయిదేళ్లు తిరిగేసరికి యుద్ధం వాటి మీదికొచ్చింది. 1863 ఏప్రిల్‌లో గ్రియర్సన్ అనే ఉత్తరాది సేనాని సుమారు 1,700 మంది రౌతులతో టెనెసీలో బయల్దేరి, ఈ రాష్ట్రాన్ని నిలువునా చీల్చుకుంటూ వెళ్లాడు. దారిలో హేజల్‌హర్స్ట్, బ్రూక్‌హేవెన్, సమిట్ స్టేషన్ల దగ్గర ఈ లైనును దెబ్బతీశాడు. యుద్ధం ముగిసేసరికి మిగిలింది వంగిన పట్టాలు, కాలిన వంతెనలు, అప్పులు. దాన్ని తిరిగి నిలబెట్టే పని బోరిగార్డ్ చేతికొచ్చింది. బాగానే నిలబెట్టాడు కూడా. కానీ 1870లో హెన్రీ సింప్సన్ మెకోమ్ అనే ఉత్తరాది వ్యాపారి వాటాలు కొని కంపెనీని చేజిక్కించుకున్నాడు. బోరిగార్డ్ బయటికి నడవాల్సి వచ్చింది.

మెకోమ్‌ది డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్. 1872లో అమెరికా పార్లమెంటును కుదిపేసిన క్రెడిట్ మొబిలియే కుంభకోణం బయటపడింది ఈయన దగ్గరున్న ఉత్తరాల వల్లే. క్రెడిట్ మొబిలియే అనే రైలు నిర్మాణ కంపెనీ షేర్లను పార్లమెంటు సభ్యులకు ఎలా పంచారో ఆ ఉత్తరాల్లో ఉంది. అవి న్యూయార్క్ పత్రికకెక్కాయి. అదే ఏడాది, అక్కడికి ఎంతో దూరాన దక్షిణ మిసిసిపిలోని పైన్ అడవిలో, ఆయన పేరు మీద ఒక ఊరు పుట్టింది.

కంపెనీ వర్క్‌షాపులు అంతకుముందు న్యూ ఓర్లీన్స్‌లో ఉండేవి. నగరంలోని సారా కొట్లకు దూరంగా ఉంటే పనివాళ్లు అదుపులో ఉంటారని యజమాని వాటిని అడవిలోకి తరలించాడని ఊరి చరిత్రలో చెప్పుకుంటారు. ఆ మాట నిజమే కావచ్చు. దానికంటే గట్టి కారణం ఒకటి దూరంలో ఉంది. న్యూ ఓర్లీన్స్ నుంచి ఈ చోటు సుమారు 105 మైళ్లు. ఆవిరి ఇంజన్ల కాలంలో రైలు సిబ్బందికి 100 మైళ్లు అంటే ఒక రోజు పని. జీతాల లెక్క కూడా దాని మీదే. ఆ దూరం నడిచాక డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు, బ్రేకు మనుషులు దిగాలి, వేరేవాళ్లు ఎక్కాలి. ఇంజన్‌కు బొగ్గు, నీళ్లు పట్టాలి, బూడిద దులపాలి, అరిగిన భాగాలు చూడాలి. కాబట్టి వంద మైళ్లకొక ఊరు అమెరికా రైలు మార్గాలన్నిటికీ కావలసి వచ్చింది. దక్షిణాదిలో ఇలాంటి చిన్న ఊళ్లు వందల సంఖ్యలో ఉండటానికి మూలం ఈ లెక్కే. ఎలిజబెత్‌టౌన్, బర్గ్‌లండ్, హార్వీటౌన్ అనే మూడు చిన్న పల్లెలు కలిసి 1872లో మెకోమ్ సిటీ అయ్యాయి.

బిట్రగుంటలోనో గుంతకల్లులోనో డోర్నకల్‌లోనో పెరిగినవాళ్లకు ఆ ఊరి బతుకు వేరే వివరించనక్కర్లేదు. వర్క్‌షాపు కూతతో పొద్దు మొదలయ్యేది. అర్ధరాత్రి ఏ గూడ్సుకైనా మనిషి కావలసి వస్తే, పిలుపు కుర్రాడు డ్రైవరు ఇంటికి పరిగెత్తుకెళ్లి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. భర్త ఎప్పుడు వెళ్తాడో, ఎప్పుడు తిరిగొస్తాడో భార్యకు తెలియదు. అన్నం డబ్బా మాత్రం ఏ వేళకైనా సిద్ధంగా ఉండాలి. న్యూ ఓర్లీన్స్ రేవులో దిగిన అరటి గెలలు, లూసియానా స్ట్రాబెర్రీలు చికాగోకు వెళ్లే దారిలో ఇక్కడ ఆగేవి. బండ్ల పైకప్పు మూతల్లోంచి ఐసు దిమ్మలు నింపి మళ్లీ పంపేవారు. ఆలస్యమైతే సరుకు కుళ్లిపోతుంది. అందుకే ఐసు పనివాళ్లకు రాత్రీ పగలూ తేడా లేదు.

ఈ లైను ఎంత క్రమశిక్షణతో నడిచేదో చెప్పడానికి ఒక్క రోజు చాలు, 1881 జులై 29. అప్పటిదాకా దక్షిణాది పట్టాల వెడల్పు 5 అడుగులు. ఉత్తరాదిలో 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. ఒహాయో నది ఒడ్డున సరుకు దించి ఎక్కించాల్సి వచ్చేది, లేదంటే బండి చక్రాలు మార్చాలి. ఆ రోజు న్యూ ఓర్లీన్స్ నుంచి ఒహాయో దాకా 500 మైళ్లకు పైగా ఉన్న లైనులో ఒక పట్టాను ఊడదీసి మూడున్నర అంగుళాలు లోపలికి జరిపి మళ్లీ మేకులు కొట్టారు. లోపలి మేకులు ముందే కొట్టి ఉంచారు. మైలు మైలుకూ మనుషులను నిలబెట్టారు. మన గుంటూరు–గుంతకల్లు మీటర్‌గేజి బ్రాడ్‌గేజిగా మారడానికి ఏళ్లు పట్టిన సంగతి తెలిసినవాళ్లకు ఈ ఒక్క రోజు పని ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ మేకులు కొట్టిన చేతుల్లో ఎక్కువ భాగం నల్లవారివి. యుద్ధం ముగిసి అప్పటికి పదహారేళ్లు. వాళ్లలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్లే.

అప్పటికి కంపెనీ చేతులు మారింది. 1876లో దివాలా తీసి, పేరు మార్చుకుని, 1880ల మొదట్లో చికాగోలో ప్రధాన కార్యాలయం ఉన్న ఇలినాయ్ సెంట్రల్ చేతికి వచ్చింది. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మెకోమ్ తర్వాతి ఎనభై ఏళ్ల కథ దీని మీదే నడిచింది. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి రైతు భూస్వామి దగ్గర అప్పు తెచ్చుకుని, పంట అతనికే అప్పగించి, లెక్క ఎప్పటికీ తేలక బతికేవాడు. భూస్వామి వెళ్లిపొమ్మంటే ఇల్లు కూడా వదిలిపోవాలి. రైలు పనివాడికి నెలనెలా నగదు జీతం. ఆ జీతం ఊరి పెద్ద చేతుల్లోంచి రాదు, చికాగో నుంచి వస్తుంది.

ఆ జీతం అందరికీ సమానంగా రాలేదు. ఇంజన్ నడిపే పని తెల్లవారికే. ఫైర్‌మన్ పని, అంటే పారతో బొగ్గు వేసే పని, దక్షిణాదిలో చాలాచోట్ల నల్లవారిది. అది ఒళ్లు కాలే పని. తెల్ల ఫైర్‌మన్ కొన్నేళ్లకు డ్రైవరు అయ్యేవాడు. నల్ల ఫైర్‌మన్ ముప్పై ఏళ్లు బొగ్గు వేసినా ఫైర్‌మన్‌గానే రిటైరయ్యేవాడు. జీతం తక్కువ, పైకి వెళ్లే ఆశ లేదు, కాబట్టి కంపెనీకి అతను కావాలి. సరిగ్గా అందుకే తెల్ల యూనియన్లకు అతను కంటగింపు. ఫైర్‌మన్ల సంఘం, మెషినిస్టుల సంఘం తమ నిబంధనల్లోనే నల్లవారికి సభ్యత్వం లేదని రాసుకున్నాయి.

1911లో దీని ఫలితం వర్క్‌షాపు కార్మికులు అనుభవించారు. బాయిలర్‌వాళ్లు, కమ్మరులు, మెషినిస్టులు, బండ్లు బాగుచేసేవాళ్లు ఎవరికి వారు వేరువేరు సంఘాలుగా ఉంటే కంపెనీ ఒక్కొక్కరినీ విడగొడుతోందని, అందరూ కలిసి ఒకే సమాఖ్యగా ఏర్పడ్డారు. ఆ సమాఖ్యతో మాట్లాడనంటే మాట్లాడనంది ఇలినాయ్ సెంట్రల్. సెప్టెంబర్ 30న సమ్మె మొదలైంది. కొద్ది రోజులకే పోటీ పనివాళ్లను నింపుకున్న రైలు మెకోమ్‌లోకి వచ్చింది. ఊరు ఊరంతా పట్టాల దగ్గరికి చేరింది. రాళ్లు, తుపాకులు, మంటలు. గవర్నర్ సైన్యాన్ని పంపాడు. వర్క్‌షాపు గోడల చుట్టూ సైనికులు కాపలా ఉండగా, గోడల లోపల పోటీ పనివాళ్లు ఇంజన్లు బాగుచేశారు. వాళ్లలో నల్లవారూ ఉన్నారు. యూనియన్ తలుపు తన మొహాన మూసిన మనిషి ఆ యూనియన్ సమ్మెను ఎందుకు కాపాడాలి? సమ్మె కాగితం మీద 1915 దాకా సాగింది. నిజానికి ఎప్పుడో ఓడిపోయింది. సమ్మె చేసిన కుటుంబాలు ఎన్నో ఊరు విడిచాయి. అన్ని వృత్తులనూ కలపాలన్న ఆలోచన గొప్పది. రంగు దగ్గర ఆగిపోవడమే దాన్ని చంపింది. ఓటమికి కంపెనీ మొండితనాన్ని ఎంత తప్పుపట్టాలో, కార్మికుల సొంత గుడ్డితనాన్ని అంత తప్పుపట్టాలని నా అభిప్రాయం.

ఆ గుడ్డితనం 1930లలో హత్యల దాకా పోయింది. ఈ భాగాన్ని తొందరగా దాటిపోవడం నాకు ఇష్టం లేదు. ఆర్థిక మాంద్యం వచ్చింది, రైళ్లు తగ్గాయి. బొగ్గును యంత్రమే వేసే ఏర్పాటు రావడంతో ఫైర్‌మన్ పని తేలికైంది. అంతకాలం తెల్లవారిలో చాలామంది చేయనన్న పని ఇప్పుడు అందరికీ కావలసిన పనైంది. కానీ సర్వీసు లెక్కన నల్లవారే ముందున్నారు. తీసెయ్యడానికి కంపెనీకి కారణం లేదు. 1931 నుంచి 1934 వరకు మెంఫిస్‌కూ న్యూ ఓర్లీన్స్‌కూ మధ్య ఇలినాయ్ సెంట్రల్, దాని అనుబంధ లైన్లలో నల్ల ఫైర్‌మన్ల మీద చీకట్లో కాల్పులు జరిగాయి. రాత్రివేళ ఇంజన్ నీళ్లకోసం ఆగినప్పుడు, లేదా వేగం తగ్గినప్పుడు, పట్టాల పక్కన పొదల్లోంచి తుపాకీ పేలేది. పలువురు చనిపోయారు, ఇంకా ఎందరో గాయపడ్డారు. వాళ్లు చేసిన నేరం ఏమీ లేదు, సీనియారిటీ జాబితాలో పేరు పైన ఉండటం తప్ప. అయినా మిగిలినవాళ్లు ఇంజన్ ఎక్కడం మానలేదు. ఆ ధైర్యానికి ఎక్కడా పతకాలు ఇవ్వలేదు.

తుపాకీతో సాగనిది కాగితంతో సాగించాలని చూశారు. నల్ల ఫైర్‌మన్లను క్రమంగా తొలగించేలా కంపెనీలతో యూనియన్లు ఒప్పందాలు రాసుకున్నాయి. బెస్టర్ విలియం స్టీల్ అనే అలబామా ఫైర్‌మన్ వేరే కంపెనీ మీద, తనను సభ్యుడిగా చేర్చుకోకుండానే తన తరఫున సంతకం చేసిన యూనియన్ మీద కోర్టుకెక్కాడు. చార్లెస్ హ్యూస్టన్ అనే నల్లజాతి న్యాయవాది వాదించాడు. 1944లో అమెరికా సుప్రీంకోర్టు అతని వైపు తీర్పిచ్చింది. ఎవరి తరఫున బేరమాడే అధికారం ఉందో, వాళ్లందరికీ యూనియన్ న్యాయంగా ప్రాతినిధ్యం వహించి తీరాలని చెప్పింది.

ఈలోగా ఈ లైను మనుషులను ఉత్తరానికి మోసుకెళ్తూనే ఉంది. చికాగో డిఫెండర్ అనే నల్లవారి పత్రికను పుల్‌మన్ పెట్టెల పోర్టర్లు దక్షిణాదికి దొంగచాటుగా తెచ్చి ఊరూరా పంచేవారు. అది చదివి టికెట్టు కొన్నవాళ్లు లెక్కకు మించి. 1928లో మెకోమ్‌లో పుట్టిన ఒక పిల్లాడు కూడా చిన్నతనంలోనే కుటుంబంతో చికాగో చేరాడు. రాక్ అండ్ రోల్ సంగీతానికి తన తాళాన్ని ఇచ్చిన బో డిడ్లీ అతనే.

వెళ్లనివాళ్లు పట్టాలకు ఆవల బర్గ్‌లండ్ పేటలో స్థిరపడ్డారు. సమిట్ వీధిలో నల్లవారి దుకాణాలు, హోటళ్లు, పాటల క్లబ్బులు ఉండేవి. రైలు జీతంతో కొందరు సొంత ఇళ్లు కట్టుకున్నారు. కర్టిస్ కాన్వే బ్రయంట్ వాళ్లలో ఒకడు. ఇలినాయ్ సెంట్రల్ ఉద్యోగి. ఇంటి దగ్గరే క్షౌరశాల నడిపేవాడు. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్లకు నల్లవారి పత్రికలు, పుస్తకాలు చదవడానికి ఇచ్చేవాడు. నల్లవారి హక్కుల సంఘానికి జిల్లా అధ్యక్షుడు కూడా. తెల్లవారి పౌరమండళ్లు ఆ రోజుల్లో సంఘంలో చేరిన టీచర్ల ఉద్యోగాలు తీయించేవి, కౌలు రైతులను పొలాల్లోంచి వెళ్లగొట్టించేవి. బ్రయంట్ జీతం మాత్రం వాళ్ల చేతికి అందదు.

1961లో జెట్ పత్రికలో ఒక వార్త ఆయన కంటబడింది. బాబ్ మోజెస్ అనే న్యూయార్క్ లెక్కల మాస్టారు మిసిసిపిలో నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించే పని తలపెట్టాడని. బ్రయంట్ వెంటనే మా ఊరికి రమ్మని కబురు పెట్టాడు. మోజెస్‌కు అప్పుడు 26 ఏళ్లు. వచ్చి బ్రయంట్ ఇంట్లోనే దిగాడు. వెబ్ ఓవెన్స్ అనే రిటైరైన రైలు ఉద్యోగి పొద్దున్నే వచ్చి ఆయన్ను ఇంటింటికీ తీసుకెళ్లేవాడు. ఐదు డాలర్లు, పది డాలర్లు చందా అడిగి, బయటి నుంచి వచ్చిన కుర్రాళ్ల తిండికి, బసకు ఏర్పాటు చేసింది ఆయనే. ఐలీన్ క్విన్ అనే ఆవిడ తన హోటల్లో వాళ్లకు అన్నం పెట్టింది. ఆగస్టు 7న, కింద కిరాణా కొట్టు, పైన మేసన్ల సభాస్థలం ఉన్న మేడ మీద ఓటరు బడి మొదలైంది. బడిలో పాఠం 21 ప్రశ్నల దరఖాస్తు ఎలా నింపాలన్నది. రాష్ట్ర రాజ్యాంగంలోని 285 సెక్షన్లలో అధికారి ఏది చూపిస్తే దానికి వివరణ రాయాలి. రాసింది సరైనదో కాదో తేల్చేదీ ఆ అధికారే. మొదటి రోజుల్లో కొందరు పాసయ్యారు కూడా.

ఆ తర్వాత దెబ్బల మీద దెబ్బలు. పక్క జిల్లా కేంద్రం లిబర్టీలో మోజెస్ తల పగలగొట్టారు. కుట్లు వేయించుకుని, తనను కొట్టిన తెల్లవాడి మీద కేసు పెట్టాడు. నల్లవాడు అలా కేసు పెట్టడం అక్కడ కనీవినీ ఎరుగని సంగతి. సెప్టెంబర్ 25న, ఉద్యమానికి తోడ్పడిన హెర్బర్ట్ లీ అనే రైతును లిబర్టీలోని పత్తి మిల్లు దగ్గర రాష్ట్ర శాసనసభ సభ్యుడు ఒకడు పట్టపగలు కాల్చి చంపాడు. అతనికి శిక్ష పడలేదు. నిజం చెప్పబోయిన సాక్షి లూయీ అలెన్‌ను 1964 జనవరిలో కాల్చి చంపారు.

బర్గ్‌లండ్ హైస్కూలు పిల్లల సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. బ్రెండా ట్రావిస్ అనే పదో తరగతి ఈడు అమ్మాయి బస్ స్టేషన్‌లో తెల్లవారి ఫలహారశాల దగ్గర కూర్చున్నందుకు జైలుపాలైంది. విడుదలయ్యాక బడిలో చేర్చుకోలేదు. అక్టోబర్ 4న వందమందికి పైగా పిల్లలు బడి వదిలి, వరసకట్టి, నగర కార్యాలయం దాకా నడిచారు. మెట్ల మీద ఒక్కొక్కరూ ప్రార్థన మొదలుపెడుతుంటే ఒక్కొక్కరినీ అరెస్టు చేశారు. బ్రెండాను బాల నేరస్థుల బడికి పంపారు. ఇకపై ఇలా చేయబోమని సంతకం పెట్టమంటే చాలామంది పిల్లలు పెట్టలేదు, బడి నుంచి వెళ్లిపోయారు. వాళ్ల కోసం ఉద్యమకారులు సొంతంగా బడి పెట్టారు. అక్కడ లెక్కలు చెప్పింది మోజెస్.

1964 వేసవిలో బాంబులు పడ్డాయి. ఉద్యమకారులు ఉండే ఇల్లు, సొసైటీ హిల్ చర్చి, ఐలీన్ క్విన్ ఇల్లు. బాంబు పేలినప్పుడు ఆమె పిల్లలు ఇంట్లో ఉన్నారు, బతికారు. పట్టుబడినవాళ్లకు జడ్జి అమలుకాని శిక్ష వేసి ఇంటికి పంపాడు. అప్పటికి దేశమంతా ఈ ఊరిని బాంబుల రాజధాని అనసాగింది. వ్యాపారాలు పడిపోయాయి. నవంబర్‌లో ఆరు వందలకు పైగా పౌరులు చట్టం అందరికీ ఒకటే కావాలంటూ తమ పేర్లతో స్థానిక పత్రికలో ప్రకటన వేశారు. ఆ సంతకాల వెనుక మనసు మారడం ఎంత, దుకాణం నష్టం ఎంత అని అడిగితే రెండోదే ఎక్కువని చెబుతాను. అయినా పేరు బయటపెట్టుకోవడానికి ఆ ఊళ్లో, ఆ నెలలో, ధైర్యం కావాలి.

డీజిల్ ఇంజన్లు వచ్చాక వంద మైళ్లకొక ఊరు అక్కర్లేకపోయింది. నీళ్లు వద్దు, బూడిద లేదు. వర్క్‌షాపుల పని తగ్గుతూ పోయింది. 1990ల చివర్లో ఇలినాయ్ సెంట్రల్‌ను కెనడియన్ నేషనల్ కొనేసింది. 2020 జనగణనలో మెకోమ్ జనాభా 12 వేల పైచిలుకు, 1960లోనూ దాదాపు అంతే. న్యూ ఓర్లీన్స్–చికాగో ప్రయాణికుల రైలు ఇప్పటికీ ఇక్కడ ఆగుతుంది. పాత స్టేషన్ భవనంలో నడిచిన రైలు మ్యూజియం 2021లో మంటల్లో చాలావరకు కాలిపోయింది. 2542 నంబరు ఆవిరి ఇంజన్ ఆ ఊళ్లోనే ఉంది.

మ్యూజియం కాలినా బర్గ్‌లండ్ కథ మనకు దక్కడానికి కారణం, బ్రయంట్ వంటి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడించి, విశ్వవిద్యాలయంవాళ్లు ఆ మాటలు రికార్డు చేసి దాచడం. మన బిట్రగుంట, గుంతకల్లు, కాజీపేట, డోర్నకల్ రైల్వే కాలనీల్లో ఆవిరి ఇంజన్ మీద బొగ్గు వేసిన చివరి తరం ఇప్పుడు వయసు పైబడి ఉంది. 1974 రైల్వే సమ్మెలో ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే, ఈ నెలలోనే ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని, చేతిలోని ఫోన్‌లోనే ఆ మాటలు రికార్డు చేయండి. ఎవరు ఏ పని చేసేవారు, ఎవరికి ఏ క్వార్టర్లు ఇచ్చేవారు, ఎవరిని పైకి రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్నవి తప్పకుండా అడగండి.

వచ్చే వారం: ఉత్తర కరొలైనాలోని హామ్లెట్. జాన్ కోల్ట్రేన్ పుట్టిన ఊరు.